కమొడోరు వాండర్‌బిల్టు సకుటుంబ నౌకాయాత్ర

ఇంటిల్లిపాదిని వెంటబెట్టుకొని తీర్థమునకో పెండ్లికో తరలిన గృహస్థునకు ఆ పని యెంతటిదో వేరుగ చెప్పనక్కరలేదు. బండ్లు కుదుర్చుట, బియ్యము పప్పులు మూటగట్టించుట, ముసలివారికి మెత్తని చోటు చూచుట, పసివారి పాలు మరువకుండుట, అలిగిన అల్లుని బుజ్జగించుట, ఇన్నియు సమకూడినగాని బండి కదలదు. అట్టి ప్రయాణమును బండ్లమీద గాక సముద్రము మీద, పరుల యోడలో గాక సొంత పొగయోడలో, నాలుగు నెలలపాటు నడపిన యొక సంసారి కథ నేటి ప్రసంగమునకు విషయము. ఆయన పేరు కార్నీలియస్ వాండర్‌బిల్టు, దేశము అమెరికా, సంవత్సరము 1853.

అప్పటికి సముద్రముమీద వినోదార్థము తిరుగుట లోకమునకు కొత్త. సముద్రయానమనగా వర్తకులకును, సైనికులకును, వలసపోవు బీదలకును తప్పని కష్టము. ఇంగ్లండులో పి. అండ్ ఓ. అను ఓడల కంపెనీవారు 1844లో కలకత్తాలో పుట్టిన థాకరే యను నవలాకారుని ఉచితముగ తమ యోడలలో మధ్యధరా సముద్రము చుట్టి రండని పంపిరి. అది యొక విధమున ప్రకటన. విహారయాత్రకే ప్రత్యేకముగ కట్టిన ‘ప్రిన్‌ట్సెస్సిన్ విక్టోరియా లూయీసె’ అను జర్మను ఓడ నీటికి దిగినది 1900లో. ఈ రెంటికిని నడుమ, తన కుటుంబముకొరకే మహాసముద్రము దాటగల ఓడను కట్టించి, కూతుండ్రను అల్లుండ్రను అందెక్కించుకొని బయలుదేరుట అంతకుముందు అమెరికాలో ఎవరును చేసి యెరుగని పని.

వాండర్‌బిల్టు 1794 మే 27వ తేదీన న్యూయార్కు రేవున కెదుటనున్న స్టేటన్ ద్వీపములో జన్మించెను. చదువబ్బలేదు. పదునారేండ్ల ప్రాయమున తల్లి ఫీబీ చేతినుండి నూరు డాలర్లు పుచ్చుకొని తెరచాప పడవ కొని, ద్వీపమునుండి నగరమునకు జనులను దాటించుటతో జీవనము ఆరంభించెనని చెప్పుదురు. పడవనుండి పొగయోడలకు, నదులనుండి సముద్రమునకు ఆయన వ్యాపారము ప్రాకెను. కమొడోరు అనునది నౌకాదళము వారిచ్చిన పదవి కాదు. జనులు పెట్టిన పేరు. కాలిఫోర్నియాలో బంగారము బయటపడగా, అమెరికా తూర్పు తీరమునుండి పడమటి తీరమునకు నికరాగ్వా మీదుగ దారి తీసి, ఆ దారిలో మిక్కిలి ధనము గడించెను. 1813లో సోఫియా జాన్సన్ అను బంధువులపిల్లను పెండ్లాడెను. వారికి పదుమువ్వురు సంతానము కలిగిరి.

ఇది బయటివారు తలచినంత చల్లని సంసారము మాత్రము కాదు. 1846లో ఆయన భార్యను కొంతకాలము బ్లూమింగ్‌డేల్ పిచ్చియాసుపత్రిలో నుంచెను. స్టేటన్ ద్వీపమునందలి యిల్లు విడిచి నగరమున కట్టిన కొత్తయింటికి రానని ఆమె మొండికెత్తుటయే యిందులకు కారణమని తరువాత న్యాయస్థానమున సాక్ష్యము వచ్చెను. ఏడేండ్ల తరువాత ఆ యిల్లాలినే ఐరోపా చూపింప తీసికొనిపోయినది. పశ్చాత్తాపమో, ఐశ్వర్యప్రదర్శనమో, రెండును కలిసెనో ఆయన ఎక్కడను చెప్పలేదు. హామిల్టన్ ఫిష్ అను సెనేటరునకు వ్రాసిన యుత్తరములో, లాభాపేక్ష యించుకయు లేక, తన దేశపు జెండా క్రింద, ఇంగ్లండు ఫ్రాన్సుల తీరములను బాల్టిక్ మధ్యధరా సముద్రములను చూడవలెనని అమెరికనుగా తనకు కొంచెము అతిశయము కలదని మాత్రము చెప్పుకొనెను. పత్రికలవారు దీనిని నమ్మలేదు. వర్తకుడు ఊరక ఓడ నడపునా, రష్యాకో మరియొకరికో ఓడ నమ్మజూచుచున్నాడని కొందరు గుసగుసలాడిరి.

ఇంక ఏర్పాట్ల సంగతి. ఓడ పేరు ‘నార్త్ స్టార్’, అనగా ధ్రువనక్షత్రము. కట్టినవాడు ఆయన మేనల్లుడు జెరెమియా సైమన్‌సన్. 1853 మార్చిలో నీటికి దిగెను. పొడవు 270 అడుగులు. పరిమాణము సుమారు 2,500 టన్నులు. ఇరువైపుల పెద్ద చక్రములు. యంత్రములు న్యూయార్కునందలి అలేర్ కర్మాగారమున తయారైనవి. ఖర్చు సుమారు అయిదు లక్షల డాలర్లు. ఇంతయు ఒక్క వేసవి వినోదమునకే వ్యయపరచె ననుకొనరాదు. యాత్ర ముగిసిన వెంటనే ప్రయాణికుల నెక్కించి డబ్బు సంపాదింపగల ఓడగా దానిని మొదటనే కట్టించెను. కమొడోరు బుద్ధి అట్టిది. సరదా సరదాయే, సరకు సరకే.

లోపలి గది అలంకారములను నాటి పత్రికలు వేనోళ్ల పొగడెను. రోజ్‌వుడ్డు కలపతో చెక్కిన ఫ్రెంచి పద్ధతి కుర్చీలు, వానిపై ఆకుపచ్చని మఖమలు, భోజనశాల గోడలకు చలువరాతివలె మెరయు పూత, కప్పుమీద కొలంబసు, వాషింగ్టను, ఫ్రాంక్లిను మొదలగువారి చిత్తరువులు. తెరచాప పడవలో తడిసి పెరిగినవానికి తన పిల్లలు మఖమలుమీద కూర్చుండవలెననుట సహజమే కదా.

సిబ్బందిని కుదుర్చుటలో ఆయన గృహస్థధర్మము తెలియును. ఓడ నడపుటకు కెప్టెన్ ఏసా ఎల్డ్రిడ్జి. అట్లాంటికు దాటుటలో పేరుపడిన నావికుడు. 1856లో ‘పసిఫిక్’ అను ఓడతోబాటు జాడ తెలియకుండ పోయినవా డితడే. రోగము రొష్టు చూచుటకు కుటుంబవైద్యుడు జారెడ్ లిన్‌స్లీ. ప్రార్థనలు చేయుటకు జాన్ ఓవర్టన్ చౌల్స్ అను మతగురువు. ఈ మువ్వురును సతీసమేతులై వచ్చిరి. చౌల్స్ చేసిన వేరొక పని నేడు మనకు ఎక్కువ ఉపయోగపడుచున్నది. యాత్రావృత్తాంతమంతయు వ్రాసి 1854లో గ్రంథముగ ప్రకటించినవా డాయనయే. మన ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830లో సుమారు నూరుమంది పరివారముతో చెన్నపట్టణమునుండి కాశికి తరలినప్పుడు దినచర్య స్వయముగ వ్రాసికొనిరి. కమొడోరునకు కలము పట్టుట అలవాటు లేదు. అందువలన మనము కుటుంబ యజమానిని ఆయన యన్నము తిన్నవాని కంటితో చూడవలసి యున్నది. చౌల్స్ పొగడ్తలను చదువునప్పుడు ఈ మాట జ్ఞాపకముంచుకొనుట మంచిది.

ఓడ నెక్కిన బంధుజనము ఇరువదిమందికి పైబడిరి. సోఫియా, పెద్దకొడుకు విలియమ్ దంపతులు, చిన్నకొడుకు జార్జి, పెండ్లికాని కూతురు కేట్, పెండ్లియైన కూతుండ్రు, అల్లుండ్రు. అల్లుండ్రలో హొరేస్ క్లార్కు న్యాయవాది, డానియేల్ ఆలెన్ మామగారి వ్యాపారములలో కుడిభుజము. ఒక కొడుకునకు మాత్రము చోటు లేకపోయెను. తండ్రి పేరే పెట్టుకొన్న కార్నీలియస్ జెరెమియా మూర్ఛరోగి, జూదరి. తండ్రికి వానిపై నమ్మకము లేదు. అంత పెద్ద యోడలో నొక గది కరవై కాదుగదా!

మే 19వ తేదీన ప్రయాణము నిశ్చయమయ్యెను. సరిగా బయలుదేరు సమయమునకు కొలుములవద్ద బొగ్గు వేయు పనివారు కూలి పెంచినగాని కదలమని సమ్మె కట్టిరి. కమొడోరు ఒప్పుకొనక అప్పటికప్పుడు దొరికినవారిని పెట్టుకొనెను. రేవు విడిచిన కొద్దిసేపటికే ప్రవాహపు వడికి ఓడ నదిలోని రాతికి తగిలెను. నౌకాదళమువారి డాకులో నుంచి అడుగు పరీక్షించి బాగుచేసి, మరునాటి రాత్రి తిరుగ బయలుదేర్చిరి. మన యిండ్లలో నైనచో శకునము బాగులేదని పెద్దవారు మూటలు విప్పించియుందురు. స్టేటన్ ద్వీపము ప్రక్కగ పోవునప్పుడు ఒడ్డున కాపురమున్న ముసలితల్లి గౌరవార్థము తుపాకులు ప్రేల్చి, ఆకాశబాణములు వదలిరి. మే 27న, నడిసముద్రమున, కమొడోరునకు ఏబదితొమ్మిది యేండ్లు నిండెను.

జూన్ 1న సౌతాంప్టన్ చేరిరి. ఆ నగర ప్రముఖులు రెండువందలమందికి విందు చేసిరి. కమొడోరు నాలుగు మాటలాడి, తక్కినది అల్లుడు క్లార్కు చెప్పునని కూర్చుండెను. లండనులో నగరాధ్యక్షుడు స్వాగతమిచ్చెను గాని ప్రభుకుటుంబములవారు అంతగా పలుకరింపలేదు. ‘డైలీ న్యూస్’ పత్రిక మాత్రము ఈ యోడను చూపి తమవారికి బుద్ధి చెప్పెను. స్వయంకృషితో పైకివచ్చినవాడు ఆ సంగతి దాచుకొననక్కరలేదనియు, కొత్తగా ధనికుడగుట గౌరవమేయనియు దాని తాత్పర్యము.

అచ్చటినుండి కోపెన్‌హాగెన్, పిదప పీటర్సుబర్గునకు ముఖద్వారమైన క్రాన్‌స్టాట్. రష్యా చక్రవర్తి కుమారుడు, నౌకాదళాధికారి యగు గ్రాండ్ డ్యూక్ కాన్‌స్టాంటిన్ స్వయముగ వచ్చి ఓడను చూచి, తమ ఇంజనీర్లచేత దాని పటములు వ్రాయించుకొనెను. తరువాత ఫ్రాన్సు, స్పెయినులోని మాలగా, ఇటలీలోని లెగ్‌హార్న్. ఆ పట్టణము అప్పుడు ఆస్ట్రియా సైనికుల చేతిలో నుండెను. ఇంత ఖర్చుపెట్టి ఒక కుటుంబము ఊరక తిరుగునని వారికి నమ్మకము కుదరక, విప్లవకారులకు ఆయుధములు తెచ్చిరేమో యని కాపలా పెట్టిరి. నేపుల్సులో దిగనే దిగనీయలేదు. ఫ్లారెన్సులో నుండిన హైరమ్ పవర్స్ అను అమెరికను శిల్పి కమొడోరు ముఖమును చలువరాతిలో మలచెను. పిమ్మట మాల్టా మీదుగ కాన్‌స్టాంటినోపులు. చరిత్ర చదువరి యిచ్చట ఒక క్షణము నిలువవలెను. జులైలో రష్యా సేనలు తురుష్కుల సంస్థానములలో ప్రవేశించినవి. అక్టోబరులో యుద్ధము ప్రకటితమై క్రిమియా సంగ్రామమునకు దారితీసినది. ఆ రెండు రాజధానులను ఒకే వేసవిలో, ఎవరికిని శత్రువులుగాక, ఒక వర్తకుని కుటుంబము చూచి వచ్చినది.

ఓడమీద జరిగినదని ఒక ముచ్చట చెప్పుకొందురు. విలియమ్ చుట్ట కాల్చుచుండగా తండ్రి చూచి, ఆ యలవాటు మానినచో పదివేల డాలర్లిత్తుననెనట. డబ్బేల, నీ కోరికయే చాలునని కొడుకు చుట్టను సముద్రములోనికి విసరెనట. అప్పటివరకు మందబుద్ధియని తలచి స్టేటన్ ద్వీపమున సేద్యము చేసికొమ్మని పంపిన కొడుకతడు. కథ నిజమో కల్పనయో గాని, ఆ చుట్ట వెల తరువాత కోట్లకు పెరిగినది.

జిబ్రాల్టరు, మదీరాల మీదుగ 15,000 మైళ్లకు పైగా తిరిగి, సెప్టెంబరు 23న న్యూయార్కు చేరిరి. కమొడోరు మొట్టమొదట తల్లిని చూడబోయెను. మరుసటి జనవరిలో ఆమె కాలధర్మము నొందెను.

ఇంటివద్ద వేరొక స్వాగతము కాచుకొనియుండెను. యాత్రకు ముందు ఆయన నికరాగ్వా కంపెనీకి తన యోడలమ్మి, వాటా పద్ధతిపై ఏజెంటుగ నుండెను. యజమాని దూరదేశమున నుండగా చార్లెస్ మోర్గన్, కార్నీలియస్ గారిసన్ అనువారు ఆ యధికారము లాగికొనిరి. చట్టము నిదానమైనది గనుక వ్యాజ్యము వేయను, మిమ్ము నాశనము చేసెదనని ఆయన వారికి జాబు వ్రాసెనని ప్రసిద్ధి. ఆ జాబు మూలము దొరకలేదు. ఆయన మరణించిన పిదప 1877లోగాని అది పత్రిక కెక్కలేదు. జాబు వ్రాయకున్నను పని మాత్రము చేసెను. పోటీ యోడలు పెట్టి వారిని లొంగదీసెను. ‘నార్త్ స్టార్’ కూడ ప్రయాణికుల యోడయై అట్లాంటికు మీదను పనామా దారిలోను తిరిగి, అంతర్యుద్ధమున సైనికులను మోసి, 1866లో విచ్ఛేదమయ్యెను.

కుటుంబము గతి యంతకంటె విచారకరము. సైన్యమున చేరిన జార్జి అంతర్యుద్ధకాలమున రోగియై ఫ్రాన్సులో మరణించెను. సోఫియా 1868లో పోయెను. 1877 జనవరి 4న కమొడోరు కన్నుమూయునప్పటికి ఆస్తి సుమారు పదికోట్ల డాలర్లు. అందులో చాలవరకు విలియమ్‌నకే వ్రాసియుండెను. ఎథెలిండా ఆలెన్, మేరీ లాబో అను కుమార్తెలును, ఓడలో చోటుదొరకని కార్నీలియస్ జెరెమియాయు, తండ్రికి మతి స్థిమితము లేనప్పుడు వ్రాయించిన వీలునామా యని వ్యాజ్యమునకు దిగిరి. తల్లిదండ్రుల కాపురమునందలి రహస్యములన్నియు పత్రికలకెక్కెను. 1879లో రాజీ కుదిరెను. మూడేండ్లకు కార్నీలియస్ జెరెమియా తుపాకితో ప్రాణము తీసికొనెను.

ఆ విచారణలో కమొడోరు దేహస్థితినిగూర్చి సాక్ష్యము పలికినవారిలో ఒకడు డాక్టరు జారెడ్ లిన్‌స్లీ. ఇరువదినాలు గేండ్లకు పూర్వము ఓడమీద ఈ కుటుంబమునకంతకు మందులిచ్చుటకు వెళ్లిన వైద్యుడే.