హార్వెస్ట్‌కీ కృపాణానికీ చుట్టరికం ఏమిటి?

పోయిన ఎపిసోడ్‌లో కొడవలి గురించి చెబుతూ ఒక పొరపాటు చేశాను. గ్రీకులో కొడవలిని ‘హార్పే’ అంటారు, ఇంగ్లీషులో పంటకోతను ‘హార్వెస్ట్’ అంటారు, రెండూ ఒకే మూలం నుంచి వచ్చాయి అనేశాను. అర్థాలు దగ్గరగా ఉన్నాయి, వినడానికీ ఒకేలా ఉన్నాయి. కానీ అది తప్పు. ఎందుకు తప్పో ఈరోజు చెప్పుకుందాం.

1786లో కలకత్తాలో, ఏషియాటిక్ సొసైటీ సభలో విలియం జోన్స్ ఒక మాటన్నాడు. సంస్కృతం, గ్రీకు, లాటిన్ ఒకే మూలం నుంచి పుట్టి ఉండాలి, ఆ మూలం బహుశా ఇప్పుడు లేదేమో అని. ఆ మూలభాషనే ఈరోజు ప్రోటో-ఇండో-యూరోపియన్ అంటున్నాం. ఆ భాషలో రాసినది ఒక్క అక్షరం కూడా మనకు దొరకలేదు. అందుకే దానిలోని మాటల ముందు పండితులు ఒక చుక్క గుర్తు పెడతారు. ఇది ఎక్కడా దొరికిన మాట కాదు, లెక్కగట్టి తేల్చిన మాట అని దానర్థం. మన ధాతువు *కెర్ప్. కోయడం, తెంపడం అని అర్థం.

లెక్క ఎలా కట్టారు? వారసుల్ని పక్కపక్కన నిలబెట్టి. లాటిన్‌లో ‘కార్పెరె’ అంటే తెంపడం. గ్రీకులో ‘కార్పోస్’ అంటే పండు. లిథువేనియన్‌లో ‘కిర్ప్తి’ అంటే కత్తిరించడం, జుట్టయినా గొర్రె ఉన్నయినా. పాత ఇంగ్లీషులో ‘హేర్‌ఫెస్ట్’, జర్మన్‌లో ‘హెర్బ్‌స్ట్’.

మొదటి మూడూ ‘క’తో మొదలయ్యాయి, చివరి రెండూ ‘హ’తో. ఇదేదో యాదృచ్ఛికం కాదు. లాటిన్ ‘కార్నూ’ (కొమ్ము) పక్కన ఇంగ్లీషు ‘హార్న్’ పెట్టండి. ‘కెంటుమ్’ పక్కన ‘హండ్రెడ్’ పెట్టండి. ‘కానిస్’ (కుక్క) పక్కన ‘హౌండ్’. ప్రతిసారీ ‘క’ ఉన్నచోట ‘హ’ వస్తోంది. డెన్మార్క్ పండితుడు రాస్మస్ రాస్క్ 1818లోనే దీన్ని గమనించాడు. 1822లో జేకబ్ గ్రిమ్ సూత్రంగా రాశాడు. అవును, జానపద కథల గ్రిమ్ సోదరుల్లో పెద్దాయనే.

ఇప్పుడు నా తప్పు దగ్గరికి వద్దాం. గ్రీకు ‘హార్పే’లో ఉన్న ‘హ’ వేరే దారిన వచ్చింది. గ్రీకులో మాట మొదట ఉండే ‘స’ చాలా చోట్ల ‘హ’ అయింది. మన ‘సప్త’ వాళ్ళకి ‘హెప్టా’. అంటే హార్పే అసలు రూపం ‘సెర్ప్’ లాంటిది. మన గోడల మీద కనబడే సుత్తీ కొడవలి గుర్తుని రష్యన్‌లో ‘సెర్ప్ ఇ మోలత్’ అంటారు కదా, ఆ ‘సెర్ప్’ దీని అసలు బంధువు. ఇంగ్లీషు ‘హ’ వెనక ‘క’ ఉంది, గ్రీకు ‘హ’ వెనక ‘స’ ఉంది. పోలికలు చూసి అన్నదమ్ములనుకున్నాను, ఇంటిపేర్లే వేరు!

ఇలాంటి పొరపాటే ఇంకొకటి చాలామంది చేస్తారు. మన ‘కోత’, ఇంగ్లీషు ‘కట్’ ఒకటే కదా అని. కాదండీ. కోయు అనేది ద్రావిడ ధాతువు. తమిళంలో ‘కొయ్’, కన్నడంలో ‘కొయ్యు’ ఉన్నాయి. ‘కట్’ అయితే పాత ఇంగ్లీషులో కనబడనే కనబడదు, తర్వాత ఎప్పుడో వచ్చి చేరింది.

మరి *కెర్ప్‌కి మన వైపు బంధువే లేదా? ఉంది, ఊహించని చోట. సంస్కృతంలో ‘కృపాణం’ అంటే కత్తి, ‘కృపాణీ’ అంటే కత్తెర. తెలుగులోకీ కృపాణం వచ్చి కూర్చుంది. ‘కృప’ మాత్రం వేరే ధాతువు, రెండూ కలిపి కథలు అల్లొద్దు.

నాకు ఆసక్తి కలిగించేది ఇక్కడే. ఆ జనానికి ‘పంటకోత’ అనే మాట ఉంది కాబట్టి వాళ్ళు వ్యవసాయదారులే అని కొందరు తేల్చేస్తుంటారు. కానీ సాక్ష్యం చూడండి. సంస్కృతంలో కత్తి, లిథువేనియన్‌లో ఉన్ని కత్తిరింపు, లాటిన్‌లో పండూ తెంపొచ్చు, ఉన్నీ పీకొచ్చు. మన ‘కార్పెట్’ ఆ ఉన్ని దారినే వచ్చింది. ధాన్యం కోత అనే అర్థం ఆ మూలధాతువులో ఉందని ఈ ఒక్క మాటతో చెప్పలేం. 2022లో గూస్ క్రోనెన్, ఆయన సహచరులు ప్లాస్ వన్ పత్రికలో ఒక వ్యాసం రాశారు. హిట్టైట్ వంటి అనటోలియన్ భాషలు విడిపోకముందు దశలో ధాన్యాల మాటలు చాలా తక్కువనీ, తర్వాతి దశలో పెరిగాయనీ వాళ్ళ వాదన. నాకు ఈ పద్ధతి నచ్చుతుంది. ఒక్క మాటని పట్టుకుని ఊగిపోకుండా మాటల గుంపు మొత్తాన్ని చూశారు.

జర్మన్ కుటుంబంలోనూ ఈ మాటకి ముందు తెలిసిన అర్థం పని కాదు, కాలం. జర్మన్‌లో హెర్బ్‌స్ట్ అంటే ఇప్పటికీ శరదృతువే, కోతకి ‘ఎర్న్‌ట’ అనే వేరే మాట ఉంది. పాత ఇంగ్లీషు హేర్‌ఫెస్ట్ కూడా ఋతువు పేరే. తర్వాత ‘ఆటమ్’, ‘ఫాల్’ వచ్చి ఋతువుని లాగేసుకున్నాయి, హార్వెస్ట్‌కి పని మిగిలింది. స్వీడన్‌లో ‘హోస్ట్’ అంటే ఋతువు, పక్కనే డెన్మార్క్‌లో అదే మాటకి కోత అని అర్థం.

ఇది దూరదేశాల సంగతి అనుకోకండి. మన రైతు రోజూ అనే ‘ఖరీఫ్’ అరబ్బీ మాట. అరబ్బీలో దానర్థం శరదృతువు. దాని ధాతువుకి పళ్ళు కోయడం అని అర్థం. *కెర్ప్‌తో ఏ సంబంధమూ లేదు, అది వేరే భాషాకుటుంబం. అయినా కోతలోంచి ఋతువు, ఋతువులోంచి పంట! ‘రబీ’ అంటే అరబ్బీలో వసంతం. రెండు పంటల పేర్లూ అవి కోతకొచ్చే ఋతువుని బట్టే పెట్టారు. మనం మాత్రం వాటిని విత్తేటప్పుడే తలుచుకుంటాం, ‘ఖరీఫ్ మొదలైంది’ అని జూన్‌లో.

వచ్చే ఎపిసోడ్‌లో నాగలి సంగతి చూద్దాం.