రేటు తక్కువ, ప్రీమియం ఎక్కువ

పాత కారు అమ్మి కొత్తది కొన్నాక నా బీమా ఖర్చు రెండింతలు దాటింది. కొత్త బండికి మంచి బ్రేకులుంటాయి, ఎయిర్‌బ్యాగులుంటాయి. మరి ఎందుకీ వడ్డన? జవాబు కోసం 2002 నాటి ఇండియా మోటార్ టారిఫ్ తిరగేశాను.

మోటారు బీమా నిజానికి రెండు బీమాల కలయిక. మొదటిది మన బండివల్ల ఇతరులకు కలిగే నష్టానికి. 1939 నాటి మోటారు వాహనాల చట్టం దీన్ని తప్పనిసరి చేసింది. ఆ అధ్యాయం 1946 జులై 1న అమలులోకి వచ్చింది. పెట్రోలు, డీజిలు కార్లకు దీని ధర ఇంజను పరిమాణాన్ని బట్టి ఉంటుంది, బండి వయసుతో పనిలేదు.

చిత్రమంతా రెండవదానిలో, అంటే సొంత బండి నష్టానికి చేసే బీమాలో ఉంది. టారిఫ్‌లో హైదరాబాదు 'ఏ' జోను. వెయ్యి సీసీ మించని కారుకు అయిదేళ్ళ వరకు రేటు 3.127 శాతం, ఆపైన 3.283, పదేళ్ళు దాటితే 3.362. అంటే బీమావారికి భయం ముసలి బండితోనే! అయితే ఆ శాతం లెక్కించేది బండి విలువ మీద. ఆ విలువలో ఆరు నెలలలోపే 5 శాతం తరుగు తీసేస్తారు, నాలుగేళ్ళు దాటేసరికి సగం. కనుక నాలుగు లక్షల కొత్త కారుకు 12,508 రూపాయలు. లక్షన్నరకు దిగిన ఆరేళ్ళ కారుకు సుమారు 4,925.

2007 జనవరి 1న ఆ రేట్ల కట్టుబాటు తొలగింది. విలువను బట్టే ప్రీమియం అన్న పద్ధతి మాత్రం మిగిలింది. పైగా సుప్రీంకోర్టు ఆదేశం మేరకు 2018 సెప్టెంబరు 1 నుంచి కొత్త కారుకు మూడేళ్ళ థర్డ్ పార్టీ బీమా ఒకేసారి కట్టాలి. నా బిల్లులో పెద్ద పద్దు అదే.

ఇక నో క్లెయిమ్ బోనస్ సంగతి. అడిగేదాకా నాకెవరూ చెప్పలేదు గానీ, అది బండిది కాదు, మనిషిది. పాత కారు మీద సంపాదించినదాన్ని కొత్త కారుకు మార్పించుకుంటే సొంత నష్టపు ప్రీమియంలో 50 శాతం దాకా తగ్గుతుంది.