మరణాసన్నుల సేవ – చరిత్రలో సంఘసేవకుల పాత్ర

మరణించిన ముస్లిముకు గుస్ల్, కఫన్, జనాజా నమాజు, ఖననం సమాజంపై ఫర్జె కిఫాయా అని మనకందరికీ తెలుసు. అయితే ప్రాణమున్న ఆఖరి రోజులలో ఆ మనిషి బాధ్యత ఎవరిది? ఈ ప్రశ్నకు చరిత్రలో సమాధానమున్నది.

హి.శ. 5 (క్రీ.శ. 627)లో జరిగిన కందక యుద్ధంలో హజ్రత్ సాద్ బిన్ మఆజ్ (రజి) చేతికి బాణం తగిలి రక్తనాళం తెగింది. దైవప్రవక్త (స) ఆయనను మస్జిదులోని రుఫైదా (రజి) గుడారానికి చేర్పించారు. అస్లమ్ తెగకు చెందిన ఈ మహిళ గాయాలకు చికిత్స చేయడమే గాక, దిక్కులేని ముస్లిముల సేవకు తమను అంకితం చేసుకున్నారని ఇబ్నె ఇస్హాఖ్ వ్రాశారు. దైవప్రవక్త (స) ఉదయం, సాయంత్రం సాద్ (రజి) క్షేమం విచారించేవారు. ఆ గాయంతోనే ఆయన మరణించారు. స్వస్థత చేకూరలేదు, కాని ఆయన ఒంటరిగా లేరు.

ఈ సేవాభావమే తరువాతి కాలంలో సంస్థారూపం దాల్చింది. 1284లో కైరోలో సుల్తాన్ ఖలావూన్ నెలకొల్పిన మన్సూరీ ఆస్పత్రి వక్ఫు పత్రంలో ధనికులు, పేదలు, స్త్రీలు, పురుషులు అన్న భేదం లేదు. ఇంటివద్ద ఉన్న రోగులకు సాయం, మరణించిన రోగుల కఫన్, ఖనన వ్యయం కూడా అందులో చేర్చారు.

ఆధునిక హాస్పిస్ ఉద్యమానికి బీజం పడినదీ ఒక సంఘసేవకురాలి వల్లనే. సిసిలీ సాండర్స్ నర్సుగా ఉండి, వెన్నునొప్పి కారణంగా ఆస్పత్రి సంఘసేవకురాలయ్యారు. లండన్‌లో నా అన్నవారు లేని డేవిడ్ టాస్మా అనే పోలెండ్ యూదు శరణార్థి 1948లో మరణించేవరకు ఆమె ఆయనను పరామర్శించారు. ఆయన విడిచిపోయిన 500 పౌండ్లు ఆమె సంకల్పానికి తొలి పెట్టుబడి. తరువాత ఆమె వైద్యవిద్య పూర్తిచేసి, 1967లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ స్థాపించారు.

మన దేశంలో 1993లో కోళికోడ్‌లో ప్రారంభమైన సాంత్వన చికిత్స, ముస్లిములు అధికంగా ఉన్న మలప్పురం జిల్లాలో ఇరుగుపొరుగు సేవగా విస్తరించింది. శిక్షణ పొందిన సామాన్యులు రోగుల ఇళ్లకు వెళ్లి, నొప్పితోపాటు ఇంట్లో బియ్యం, పిల్లల చదువు గురించి కూడా విచారిస్తారు.

వైద్యుడు నొప్పిని తగ్గించగలడు. తీరని అప్పు, వ్రాయని వసీయత్, తెగిన బంధుత్వం మిగిలిపోతే రోగికి మనశ్శాంతి ఉండదు. వాటిని విచారించి, రోగి మాట తడబడకముందే చక్కదిద్దడం సంఘసేవకుని పని. మన మహల్లాలలో జనాజాకు భుజమిచ్చేవారికి కొదువ లేదు. ఆ భుజం కొన్ని వారాల ముందే మంచం ప్రక్కకు చేరాలి.