ఎర్రటోపీ పిల్ల మళ్ళీ అడవికి వెళ్ళిందా?

కాలిఫోర్నియాలో ఒక బడిలో కిండర్‌గార్టెన్ టీచరుకి సహాయకురాలిగా కొన్నేళ్ళు పనిచేశాను. అంతా ఐదేళ్ళ పిల్లలు. తమకు తెలిసిన కథల్లో పాత్రలకు ఎదురైన అనుభవాలను, పెద్దవాళ్ళ ఆసరాతో, పోల్చి చెప్పడం ఏడాది చివరికి వాళ్ళకి రావాలి. 2010లో వెలువడిన కామన్ కోర్ ప్రమాణాల్లో ఉన్న సంగతి ఇది. మొదట్లో నాకు నవ్వొచ్చింది. మా అమ్మమ్మ ఏ ప్రమాణాలూ ఎరగకుండానే ఏడు చేపల కథ చెప్పి, చీమది తప్పా, పుట్టలో వేలు పెట్టిన పిల్లాడిది తప్పా అని మాలో మాకు తగువు పెట్టేది.

ఒకరోజు బోర్డు మీద, ఒకదాన్నొకటి కొంచెం కప్పేలా రెండు వలయాలు గీశాం. ఒకదాంట్లో గోల్డిలాక్స్, ఇంకోదాంట్లో ఎర్రటోపీ పిల్ల. ఇద్దరూ అడవిలో నడిచారు, ఇద్దరూ భయపడ్డారు. గోల్డిలాక్స్ తనే పారిపోయింది, ఎర్రటోపీ పిల్లని వేటగాడు కాపాడాడు. పాఠం అయిపోయిందనుకుంటుంటే ఒక పాప అడిగింది: “తర్వాత ఆ అమ్మాయి మళ్ళీ అడవికి వెళ్ళిందా?”

నా దగ్గర జవాబు లేదు. ఇంటికెళ్ళి వెతకడం మొదలుపెట్టాను.

గోల్డిలాక్స్ చిన్నపిల్లే కాదట! 1837లో రాబర్ట్ సదే అచ్చువేసిన కథలో ఎలుగుబంట్ల ఇంట్లో దూరింది ఒక ముసలమ్మ. 1850లో వచ్చిన జోసెఫ్ కండల్ పుస్తకంలో ఆమె స్థానంలోకి చిన్నపిల్ల వచ్చింది. ముసలమ్మ ఎవరికీ గుర్తులేకుండా పోయింది.

ఎర్రటోపీ పిల్లది ఇంకా పెద్ద కథ. 1697లో షార్ల్ పెరో రాసినదాంట్లో తోడేలు ఆమెను తినేస్తుంది, అంతే. కాపాడేవాడెవడూ రాడు. కింద మాత్రం, కొత్తవాళ్ళతో మాటలు కలిపే ఆడపిల్లలకు నీతిపద్యం ఉంటుంది. తిన్నది తోడేలు, బుద్ధులు ఆడపిల్లకి! 1975లో సూసన్ బ్రౌన్‌మిల్లర్ ఈ కథను అత్యాచారం గురించిన కథగా చదివిందంటే ఆశ్చర్యమేముంది?

1812లో గ్రిమ్ సోదరుల పుస్తకంలో వేటగాడు వచ్చాడు. ఆ కథ వాళ్ళకు చెప్పింది హాసెన్‌ఫ్లూగ్ కుటుంబపు అక్కచెల్లెళ్ళు. అట్ట మీద పేరు అన్నదమ్ములదే. తోడేలు పొట్టలో కుక్కడానికి గబగబా రాళ్ళు తెచ్చింది ఎర్రటోపీ పిల్లేనని అందులో స్పష్టంగా ఉంది. మా తరగతిలోని బొమ్మల పుస్తకంలో ఆ పని కూడా వేటగాడిదే!

అసలు సంగతి ఆ తర్వాత ఉంది. గ్రిమ్ పుస్తకంలో కథ అక్కడితో అయిపోదు. ఆ పిల్ల ఇంకోసారి అడవిలోకి వెళ్తుంది. ఇంకో తోడేలు పలకరిస్తుంది. ఆగదు, తిన్నగా వెళ్ళి అమ్మమ్మకి చెబుతుంది. ఇద్దరూ తలుపేసుకుంటారు. తోడేలు ఇంటికప్పు మీదికెక్కి కాచుకు కూర్చుంటుంది. ముందురోజు సాసేజ్‌లు ఉడకబెట్టిన నీళ్ళు మోసుకొచ్చి గుమ్మం ముందున్న పెద్ద రాతితొట్టిలో పొయ్యమంటుంది అమ్మమ్మ. ఆ వాసనకు తోడేలు మెడ సాచి సాచి, జారి, తొట్టిలో పడి చస్తుంది. వేటగాడి ఊసే లేదు. ఒక ముసలమ్మ బుర్ర, ఒక పిల్ల చేతులు.

1885లో ఫ్రాన్స్‌లోని నివెర్నే ప్రాంతంలో సేకరించిన పల్లెకథ ఇంకా గడుసుది. అందులో పిల్ల బయటికెళ్ళాలని సాకు చెబుతుంది. తోడేలు ఆమె కాలికి కట్టిన దారాన్ని విప్పి పెరట్లో ప్లమ్ చెట్టుకు కట్టేసి పారిపోతుంది. ఇది పెరో కథకన్నా పాతదని కొందరు పండితులంటారు, కొందరు ఒప్పుకోరు. ఆ తగాదా నేను తీర్చలేను.

నన్ను బాధపెట్టింది వేరే సంగతి. ఒకే పుస్తకంలో పక్కపక్కనే ఉన్న రెండు అనుభవాల్లో, ఆ పిల్ల మింగబడినది అందరికీ ‘తెలిసిన కథ’ అయింది. నేర్చుకుని గెలిచినది రాలిపోయింది. నేనూ మా అమ్మాయికి వేటగాడి కథే చెప్పాను, ఎన్ని రాత్రులో లెక్కలేదు. ‘తెలిసిన కథలు’ అన్నప్పుడు ఆ తెలియడం ఎవరి ఎంపికో ఒక్కసారైనా అడగలేదు.

మరుసటి వారం పిల్లలకి రెండో కథ చెప్పాను. మళ్ళీ రెండు వలయాలు గీశాం, ఈసారి రెండిట్లోనూ ఎర్రటోపీ పిల్లే. “ఇక్కడ తోడేలుకి దారి చెప్పింది, అక్కడ అమ్మమ్మకి చెప్పింది” అన్నాడొక పిల్లాడు. ఇంకొకడికి చచ్చిన తోడేలు మీద జాలేసింది. ప్రశ్న అడిగిన పాప ఏమీ మాట్లాడకుండా బొమ్మ వేసుకుంటూ కూర్చుంది. ఆ కాగితం ఇంకా నా దగ్గరే ఉంది. దాంట్లో తోడేలు కన్నా నీళ్ళ బకెట్టే పెద్దది.