యాదగిరిగుట్ట

యాదగిరిగుట్ట తెలంగాణలోని యాదాద్రి భువనగిరి జిల్లాకు చెందిన పట్టణం, మండల కేంద్రం. హైదరాబాదుకు ఈశాన్యంగా సుమారు 60 కిలోమీటర్ల దూరంలో, వరంగల్ రహదారిపైనున్న రాయగిరికి చేరువలో, లక్ష్మీనరసింహస్వామి వెలసిన గుట్ట పాదాన ఉంది. 2016 అక్టోబరులో కొత్త జిల్లా ఏర్పడేవరకు నల్లగొండ జిల్లాలో భాగంగా ఉండేది. గుట్టపై ఆలయానికున్న ఖ్యాతి చాటున కింది ఊరి సేద్యపు చరిత్ర మరుగున పడిపోవడం సరికాదు, ఎందుకంటే స్వామికి గుహనిచ్చిన రాతిగుట్టలే వానకాలంలో నీటిని పల్లానికి వదిలి చెరువులను నింపి ఈ మెట్టప్రాంతాన్ని బతికించాయి. ఇక్కడివి ఎక్కువగా చెల్కలు, అంటే ఇసుకపాలు హెచ్చుగా ఉండి తేమను ఎంతోకాలం నిలుపుకోలేని ఎర్రనేలలు. వాటిలో జొన్న, ఆముదం, కంది, చెరువుల కిందా బావుల కిందా వరి పండించేవారు. తరువాత పత్తి విస్తరించింది, మోటబావుల స్థానాన్ని బోరుబావులు ఆక్రమించాయి.

స్థలపురాణం ప్రకారం ఋష్యశృంగుని కుమారుడైన యాదమహర్షి ఆంజనేయుని అనుగ్రహంతో ఇక్కడి గుహలో తపస్సు చేయగా, నరసింహుడు జ్వాలా, యోగానంద, గండభేరుండ, ఉగ్ర, లక్ష్మీనరసింహ రూపాలలో దర్శనమిచ్చాడు. అందుకే ఇది పంచనారసింహ క్షేత్రమైంది, ఆంజనేయుడు క్షేత్రపాలకుడయ్యాడు. దారి సరిగా లేని రోజుల్లో శిఖరంపైని సుదర్శన చక్రం భక్తులు వచ్చే దిక్కుకు తిరిగి వారికి తోవ చూపేదని చెబుతారు. వీటన్నిటికంటే జనజీవితంలో లోతుగా నాటుకున్నది వైద్య నరసింహుడనే విశ్వాసం: దీర్ఘరోగులు, గ్రహపీడితులమని భావించేవారు మండలకాలం, అంటే 40 రోజులు, గుట్టపైనే ఉండి ప్రదక్షిణలు చేస్తే స్వామి కలలో కనబడి చికిత్స చేస్తాడని నమ్ముతారు. వైద్యం అందని పల్లెలకు ఆ నమ్మకం ఎంత ఆసరాగా నిలిచిందో ఊహించడం కష్టం కాదు. స్వామి జన్మనక్షత్రమైన స్వాతినాడు గిరిప్రదక్షిణ, ఫాల్గుణమాసంలో బ్రహ్మోత్సవాలు జరుగుతాయి.

పరిసరాల రాజకీయ చరిత్రకు పశ్చిమ చాళుక్యుల కాలంనాటి భువనగిరి కోట, జైన, శైవ కేంద్రమైన కొలనుపాక సాక్ష్యాలు. నిజాం పాలనలో దొరల వెట్టికి, భూస్వామ్యానికి ఎదురుతిరిగిన రైతు ఉద్యమానికి ఈ ప్రాంతమే ఒక ఆయువుపట్టు. 1944లో భువనగిరిలో జరిగిన ఆంధ్రమహాసభ రావి నారాయణరెడ్డి అధ్యక్షతన వామపక్షం వైపు మళ్లి, 1946–51 నాటి సాయుధ పోరాటానికి దారి వేసింది. భువనగిరి సమీపంలోని బొల్లేపల్లిలో పుట్టిన ఆయన 1952లో నల్లగొండ నుంచి లోక్‌సభకు అఖండమైన ఆధిక్యంతో ఎన్నికయ్యాడు.

తెలంగాణ రాష్ట్రం ఏర్పడ్డాక చేపట్టిన ఆలయ పునర్నిర్మాణం ఊరి రూపురేఖలను మార్చివేసింది. మూలవిరాట్టుకు గుహనే ఉంచి, చుట్టూ కృష్ణశిలతో, అంటే నల్లరాతితో, ప్రాకారాలు, గోపురాలు కట్టారు. ఆ కాలమంతా పూజలు బాలాలయంలో, అనగా తాత్కాలిక మందిరంలో, సాగి, 2022 మార్చి 28న ప్రధానాలయం తిరిగి తెరుచుకుంది. రోడ్ల విస్తరణలో పాత దుకాణాలు, ఇళ్లు పోయాయి, చుట్టుపక్కల చెల్కలు అనేకం ఇళ్లస్థలాలుగా మారాయి. యాత్రికుల రాకతో వ్యాపారం పెరిగినా, భూమి అమ్ముకున్న రైతుకు ఆ సంపద నిలకడైన జీవనాధారంగా మారడం అరుదు. కాళేశ్వరం పథకంలో భాగంగా బస్వాపూర్ వద్ద తలపెట్టిన నృసింహసాగర్ జలాశయం మిగిలిన మెట్టభూములకు గోదావరి నీటిని అందించడానికి ఉద్దేశించినది. క్షేత్రానికి ప్రభుత్వం వాడుకలోకి తెచ్చిన యాదాద్రి అనే పేరు స్థానే యాదగిరిగుట్టనే తిరిగి వాడుతామని 2024 నవంబరులో ముఖ్యమంత్రి ప్రకటించారు. ఊరి జనం మాత్రం ఆ మధ్యకాలంలోనూ దీనిని గుట్ట అనే పిలుస్తూ వచ్చారు.