పర్లాకిమిడి లైట్ రైల్వే

పర్లాకిమిడి లైట్ రైల్వే తూర్పు కనుమల పాదప్రాంతములో నడచిన ఒక న్యారోగేజి రైలుమార్గము. ఇది నేటి శ్రీకాకుళం జిల్లాలోని నౌపడా నుండి పర్లాకిమిడి మీదుగా గుణుపూర్ వరకు సుమారు 90 కిలోమీటర్ల పొడవున ఉండేది. పట్టాల మధ్య దూరము 762 మిల్లీమీటర్లు, అనగా రెండున్నర అడుగులు. 1900లో మొదలైన ఈ చిన్నరైలు 2004లో ఆగిపోయినది. తరువాత అదే మార్గమును బ్రాడ్‌గేజిగా మార్చారు.

చరిత్ర

మద్రాసు - కలకత్తా ప్రధాన రైలుమార్గము 1890లలో తీరము వెంబడి ఏర్పడినది. పర్లాకిమిడి పట్టణము ఆ మార్గమునకు సుమారు 40 కిలోమీటర్లు లోపల ఉన్నది. తన పట్టణమును ప్రధాన మార్గముతో కలపవలెనని పర్లాకిమిడి రాజా గౌరచంద్ర గజపతి నారాయణదేవ్ తలపెట్టారు. బ్రిటిషు ప్రభుత్వ అనుమతితో 1898లో పని మొదలై, 1900లో నౌపడా - పర్లాకిమిడి మార్గము ప్రారంభమైనది. దీనికి సుమారు 7 లక్షల రూపాయలు ఖర్చైనది.

మొదటి పది సంవత్సరాలు ఈ రైల్వే నష్టాలలో నడచినది. 1910 తరువాత కొద్దిపాటి లాభాలు కనిపించినవి. 1924-25 తరువాత రాబడి బాగా పెరిగినది. ఆ ధైర్యముతో కృష్ణచంద్ర గజపతి కాలములో, 1929, 1931 సంవత్సరాలలో రెండు దశలుగా మార్గమును గుణుపూర్ వరకు పొడిగించారు.

1936లో ఒరిస్సా రాష్ట్రము ఏర్పడినప్పుడు పర్లాకిమిడి, గుణుపూర్ ఆ రాష్ట్రములోకి వెళ్ళినవి. నౌపడా, టెక్కలి, పాతపట్నం మద్రాసు రాష్ట్రములోనే ఉండిపోయినవి. అంతవరకు ఒకే రాష్ట్రములో నడచిన రైలు ఆ నాటి నుండి రెండు రాష్ట్రాల మధ్య నడచినది. పర్లాకిమిడిలో చాలాకాలము ఉపాధ్యాయుడుగా పనిచేసి, సవర భాషకు నిఘంటువును కూర్చిన గిడుగు వెంకట రామమూర్తి ఆ విభజన సమయములోనే పట్టణమును విడిచి రాజమండ్రి చేరారు.

స్వాతంత్ర్యానంతరము ఈ మార్గము భారతీయ రైల్వేలో భాగముగా ఉన్నది. 1955లో ఆగ్నేయ రైల్వే క్రిందికి, 2003లో తూర్పు కోస్తా రైల్వే క్రిందికి వచ్చినది.

మార్గము

ఉప్పుమడులకు పేరుపొందిన నౌపడాలో బయలుదేరి టెక్కలి, తెంబూరు, పాతపట్నం, పర్లాకిమిడి, కాశీనగర్ మీదుగా రైలు గుణుపూర్ చేరేది. పాతపట్నం, పర్లాకిమిడి పరిసరాలలో మహేంద్రతనయ, గుణుపూర్ వైపున వంశధార నదులు ఉన్నవి. ఈ ప్రాంతపు కొండలలో మహేంద్రగిరి ముఖ్యమైనది. దీని ఎత్తు సుమారు 1,500 మీటర్లు. అయితే ఇది డార్జిలింగ్ మార్గము వలె కొండ ఎక్కే రైలు కాదు. కొండల నడుమనున్న పల్లపు భూములలో, పంటపొలాల ప్రక్కన సాగిన రైలు.

న్యారోగేజి ఎందుకు?

పట్టాల మధ్య దూరము తగ్గినకొలది కట్టవలసిన గట్టు వెడల్పు తగ్గుతుంది, తేలికైన పట్టాలు సరిపోతాయి, మలుపులు ఎక్కువ వంపుతో వేయవచ్చును. అందువలన తక్కువ పెట్టుబడితో మార్గము వేయవచ్చును. ఒక జమీందారు స్వయముగా రైలు వేయగలుగుటకు ఇది ముఖ్యమైన సౌలభ్యము.

దీనికి తగిన ఇబ్బందులు కూడా ఉన్నవి. బండి వేగము తక్కువ, మోయగల బరువు తక్కువ. ఆవిరి ఇంజనుకు బొగ్గుతో పాటు నీరు కూడా తరచుగా అందించవలెను. అన్నిటికంటె పెద్ద చిక్కు నౌపడాలో ఉండేది. అక్కడి ప్రధాన మార్గము 1,676 మిల్లీమీటర్ల బ్రాడ్‌గేజి. చిన్నబండి దానిపై నడవదు కనుక ప్రయాణికులు దిగి బండి మారవలెను. సరుకులను ఒక బండి నుండి దించి మరొక బండిలోకి ఎక్కించవలెను.

గేజి మార్పిడి

2002లో నౌపడా వద్ద గేజి మార్పిడికి శంకుస్థాపన జరిగినది. 2004లో చిన్నరైలును నిలిపివేశారు. బ్రాడ్‌గేజి రైళ్ళు 2010లో పర్లాకిమిడి వరకు, 2011లో గుణుపూర్ వరకు మొదలైనవి. అప్పటి నుండి ఈ ప్రాంతము వారు నౌపడాలో బండి మారకుండానే విశాఖపట్నము వెళ్ళగలుగుచున్నారు. మార్పిడి జరిగిన ఆ ఆరేడు సంవత్సరాలు మాత్రము వారికి ఏ రైలూ లేదు.

ఇతర మార్గాలతో పోలిక

పర్లాకిమిడి రైలు గేజియే గల కాల్కా - సిమ్లా రైల్వేను (1903) యునెస్కో 2008లో ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించినది. 610 మిల్లీమీటర్ల డార్జిలింగ్ రైల్వేకు 1999లోనే ఆ గుర్తింపు వచ్చినది. అక్కడ డార్జిలింగ్ - ఘుమ్ మధ్య నేటికీ ఆవిరి ఇంజనుతో విహార రైళ్ళు నడుచుచున్నవి. నీలగిరి రైల్వే (2005లో గుర్తింపు) న్యారోగేజి కాదు, మీటర్‌గేజి. తెలుగువారికి బాగా తెలిసిన అరకు మార్గము మొదటి నుండి బ్రాడ్‌గేజియే.

ఆ కొండ రైళ్ళకు విహారయాత్రికులు ఉన్నారు. వారికి నెమ్మదిగా సాగే ప్రయాణమే ఆకర్షణ. పర్లాకిమిడి రైలులో వెళ్ళినవారు సంతలకు, ఆసుపత్రులకు, కళాశాలలకు వెళ్ళే స్థానికులు. వారికి నెమ్మదితనము భారము. ఈ రైలు వారసత్వ రైలుగా నిలువకపోవుటకు ఈ భేదమే ప్రధాన కారణముగా కనిపించును. ఒక సంస్థానము తన ఖర్చుతో వేసిన ఆ మార్గము పట్టాలు మారినను నేటికీ అవే ఊళ్ళను కలుపుచున్నది.