పిల్లల దొంగల వదంతులు (2018)

పిల్లల్ని ఎత్తుకెళ్లే ముఠాలు తిరుగుతున్నాయంటూ 2018 వేసవిలో వాట్సాప్ ద్వారా దేశంలోని పలు రాష్ట్రాలకు పాకిన తప్పుడు ప్రచారం ఇది. తెలుగు రాష్ట్రాల్లో ‘పార్థీ గ్యాంగ్’ పేరుతో వ్యాపించింది. దీన్ని నమ్మిన గుంపుల చేతుల్లో మే 26న హైదరాబాద్ చాంద్రాయణగుట్టలో ఒక ట్రాన్స్‌జెండర్ మహిళ, జులై 1న మహారాష్ట్రలోని రైన్‌పాడలో భిక్షాటనకు వచ్చిన ఐదుగురు సంచారజాతివారు, జులై 13న కర్ణాటకలోని ముర్కిలో హైదరాబాద్‌కు చెందిన ఒక ఇంజినీరు ప్రాణాలు కోల్పోయారు. ఆ ఇంజినీరు బృందంలోని వారు దారిలో స్కూలు పిల్లలకు చాక్లెట్లు పంచడమే అనుమానానికి మూలం.

ఎక్కువగా తిరిగిన వీడియోలో బైకు మీద వచ్చిన ఇద్దరు వీధిలో ఆడుకుంటున్న పిల్లాణ్ని ఎత్తుకుని దూసుకుపోతారు. అది పాకిస్థాన్‌లోని కరాచీలో పిల్లల భద్రతపై అవగాహన కోసం తీసినది. అసలు వీడియోలో వాళ్లు వెంటనే తిరిగొచ్చి, పిల్లాణ్ని దింపి, హెచ్చరిక రాసిన అట్ట చూపిస్తారు. ఆ ముక్కను ఎవరో కత్తిరించారు.

జనం ఎందుకు నమ్మారన్నదానికి నిరక్షరాస్యతను కారణంగా చూపడం అన్యాయం. సందేశం పంపినవారు బావమరిదో, పక్కింటాయనో. అనుమానించే అవసరమే కనిపించదు. పైగా బిడ్డ విషయం. నమ్మితే పోయేదేమీ లేదు, నమ్మకపోతే ఏమవుతుందోనన్న భయం. అందుకే ‘ఎందుకైనా మంచిది’ అని నలుగురికీ పంపారు. ఒకే సందేశం నాలుగు గ్రూపుల్లో కనిపిస్తే నలుగురు సాక్షులు చెప్పినట్టే ఉంటుంది. పదేపదే విన్న మాట నిజమనిపిస్తుందని 1977లోనే అమెరికన్ మనస్తత్వవేత్తలు లిన్ హాషర్, ఆమె సహచరులు ప్రయోగపూర్వకంగా చూపారు.

అయితే వీటన్నిటికన్నా లోతైనది పాత అనుమానం. పార్థీలు ఒక సంచార తెగ. బ్రిటిష్ ప్రభుత్వం వారిపై నేరస్థ జాతి ముద్ర వేసింది. అందుకు ఆధారమైన 1871 చట్టం హిజ్రాలను కూడా నిఘా కింద పెట్టింది. చట్టం రద్దయినా ముద్ర పోలేదు. వదంతి కొత్త శత్రువును సృష్టించలేదు; ముందే అనుమానించినవారిని వేలెత్తి చూపింది.

2018 జులైలో వాట్సాప్ భారత్‌లో ఒక సందేశాన్ని ఒకేసారి ఐదు చాట్‌లకు మించి ఫార్వర్డ్ చేయకుండా పరిమితి పెట్టింది. అంతకుముందే జోగులాంబ గద్వాల జిల్లాలో, ఎండాకాలం ఆరుబయట పడుకునే జనం తలుపులు బిగించుకుని లోపలే ఉంటున్నారని కానిస్టేబుళ్లు గమనించారు. అప్పటి ఎస్పీ రెమా రాజేశ్వరి ఆధ్వర్యంలో పోలీసులు ఊళ్ల వాట్సాప్ గ్రూపుల్లో చేరారు, డప్పు కళాకారులతో ఊరూరా పాటలు పాడించారు. ఆ జిల్లాలో ఈ వదంతుల వల్ల ఎవరి ప్రాణమూ పోలేదు.